ఆరిన రక్తపు చుక్కలో మలేరియా: హెచ్‌ఆర్‌పీ2, ఎల్‌డీహెచ్, డీఎన్‌ఏ... ఏది మేలు?

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, నెల్లూరు, ఒంగోలు ఎమ్మెస్సీ పిల్లలు అడిగేది ఒకటే: ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టిన రక్తంలో మలేరియా వెతకాలంటే హెచ్‌ఆర్‌పీ2 చూడాలా, ఎల్‌డీహెచ్ చూడాలా (రెండూ మలేరియా పరాన్నజీవి తయారు చేసే ప్రోటీన్లు), దాని డీఎన్‌ఏను పట్టుకునే పీసీఆర్‌కే పోవాలా? జ్వరంతో వచ్చిన మనిషికి ఈ గొడవ అక్కర్లేదు, రక్తపూత, కిట్ అప్పటికప్పుడు ఉన్నాయి. ఈ ఫిల్టర్ పేపర్ కార్డు ఉన్నది సర్వేల కోసం. దోర్నాల పైన చెంచు గూడేలకు వెళ్లి వేలి చుక్క తీసుకొచ్చి, వారాల తర్వాత ల్యాబ్‌లో తీరిగ్గా చూసుకునే పని.

అందరూ ఏది ఎక్కువ సెన్సిటివ్, అంటే పరాన్నజీవులు తక్కువున్నా ఏది పట్టేస్తుంది అని లెక్కలేస్తారు. నన్నడిగితే, కార్డు ల్యాబ్‌కు చేరేసరికి దాని మీద ఏం మిగిలుంటుందో ముందు చూడాలి. నవంబరులో ముసురు పడితే మన దగ్గర ఉతికిన బట్టలే రెండు రోజులకు గానీ ఆరవు, రక్తం చుక్క మాత్రం ఎలా ఆరుతుంది? కార్డులు ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఎండ సోకకుండా ఫ్యాన్ గాలికి నాలుగైదు గంటలు, తేమగా ఉంటే రాత్రంతా ఉంచాలి. చుక్క ఎరుపు పోయి ముదురు గోధుమ రంగుకు తిరగాలి. అప్పుడే సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో వేసేది. నీలం గుళికలు గులాబీ రంగుకు వచ్చాయంటే తేమ తాగేశాయన్నట్టే, వెంటనే మార్చేయండి.

తాజా రక్తంలో అయితే నాకు ఎల్‌డీహెచ్ ఇష్టం. మలేరియా పరాన్నజీవి రకాలైన ఫాల్సిపేరమ్‌లోనూ ఉంటుంది, వైవాక్స్‌లోనూ ఉంటుంది, పరాన్నజీవి చస్తే ఇదీ త్వరగా పోతుంది కాబట్టి పాజిటివ్ అంటే ఇప్పుడున్న జ్వరమే అనుకోవచ్చు. కానీ అది ఎంజైమ్, వేడికీ తేమకీ తట్టుకోదు. ఫ్రీజర్ దగ్గర్లో లేని చోట నుంచి తెచ్చిన కార్డు నెగటివ్ వస్తే, మలేరియా లేదనుకోవాలా, ప్రోటీన్ పాడైందనుకోవాలా? ఆ టెన్షన్ నాకొద్దు.

హెచ్‌ఆర్‌పీ2 మొండిది. వేడిని బాగానే ఓర్చుకుంటుంది, ఎలీసా రీడర్ (ప్రోటీన్ పరీక్షలో వచ్చే రంగును కొలిచే యంత్రం) ఉంటే పని జరిగిపోతుంది, ఖర్చూ తక్కువే. కానీ దాన్ని తయారు చేసేది ఫాల్సిపేరమ్ ఒక్కటే, వైవాక్స్ ఎంతున్నా ఇది పలకదు. పైగా మందు మింగి జ్వరం తగ్గినా వారాల తరబడి రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, అంటే పోయిన నెల రోగి కూడా మీ లెక్కలోకి వచ్చేస్తాడు. అసలు హెచ్‌ఆర్‌పీ2ను తయారు చేసే జన్యువే లేని ఫాల్సిపేరమ్ కూడా ఉంది. 2010లో పెరూలో మొదట బయటపడింది, తర్వాత మన దేశంలోనూ కనిపించింది.

ఇక యాంటీబాడీలు, అంటే రోగాన్ని ఎదుర్కోడానికి మన ఒళ్లే తయారు చేసుకునే ప్రోటీన్లు, పాత చరిత్ర చెబుతాయి, ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం. ఇప్పటి మలేరియా కావాలనుకునేవాళ్లకు వాటితో పని లేదు.

నా మొగ్గు డీఎన్‌ఏ వైపే. సరిగ్గా ఆరిన కార్డు మీద నెలల తరబడి నిలుస్తుంది, పరాన్నజీవిలోని 18ఎస్ అనే జన్యువును పట్టుకుంటే ఏ రకం మలేరియానో కూడా తేలిపోతుంది. చిక్కులు లేవని కాదు. కార్డులోంచి కోసిన మూడు మిల్లీమీటర్ల బిళ్లలో ఉండేది దాదాపు మూడు మైక్రోలీటర్ల రక్తం, పరాన్నజీవులు పలచగా ఉంటే ఆ బిళ్లలోకి ఒక్కటీ రాకపోవచ్చు, అందుకే రెండు మూడు బిళ్లలు కలిపి తీయండి. హీమోగ్లోబిన్ పీసీఆర్‌కు అడ్డం పడుతుంది, కడగడంలో బద్ధకించొద్దు. పంచింగ్ మిషన్ నోట్లో మిగిలిన నూగు పక్క శాంపిల్‌ను పాజిటివ్ చేసేస్తుంది. ఒక కార్డు కోశాక ఖాళీ కాగితం రెండు మూడు సార్లు కోసి, ఆ తర్వాతే రెండో కార్డు పెట్టాలి.

డబ్బు చాలదంటారా, అయిదేసి శాంపిళ్లు కలిపి ఒక్క రియాక్షన్ పెట్టి, పాజిటివ్ వచ్చిన గుంపును మాత్రం విడదీసి మళ్లీ చూసుకోండి. కలిపితే ఒక్కో శాంపిల్ పలచబడుతుంది, ఆ నష్టం ఉంది. అయినా కేసులు అరుదుగా ఉన్నచోట ఇది బాగా గిట్టుబాటవుతుంది.