చేతిపంపు సైఫన్: రెండడుగుల ఆక్వేరియానికి ఇది చాలా?

ఆక్వేరియం కడగడమంటే చాలా ఇళ్లలో ఒకటే పద్ధతి. చేపల్ని వలతో పట్టి బకెట్లో వేస్తారు, నీళ్లన్నీ పారబోస్తారు, రాళ్లను కుళాయి కింద మెరిసేదాకా కడిగి కొత్త నీళ్లు నింపుతారు. నాలుగైదు రోజులకు నీళ్లు పాలవిరుగుడులా మబ్బేస్తాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. సరిగా కడగలేదేమోనని మళ్లీ కడుగుతారు. అసలు హాని చేసింది ఆ కడగడమే. చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజిలో బతుకుతుంది. క్లోరిన్ నీళ్లతో రుద్ది కడిగితే అది చాలావరకు చచ్చిపోతుంది. తిరిగి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అన్నాళ్లూ చేపల మొప్పలు ఆ అమోనియాలోనే మండుతుంటాయి.

చేపల్ని తొట్టిలోనే ఉంచి, రాళ్ల మధ్య మురికిని మాత్రమే లాగేసే సాధనం చేతిపంపు సైఫన్. ఆక్వేరియం షాపుల్లో రెండు మూడు వందల రూపాయలకు దొరికే రకం గురించే ఇక్కడ చెబుతున్నాం. ఒక చివర వెడల్పాటి పారదర్శక ప్లాస్టిక్ గొట్టం, మధ్యలో నొక్కే రబ్బరు బుడ్డి, అక్కడి నుంచి బకెట్ దాకా సన్నని పైపు. కరెంటు అక్కర్లేదు. నోటితో పీల్చనవసరం లేదు, పీల్చకూడదు కూడా. తొట్టి నీళ్లలో మనిషికి హాని చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు.

కొనేటప్పుడు చూడాల్సింది గొట్టం వెడల్పు. గొట్టం వ్యాసం 4 సెంటీమీటర్లు, పైపుది 1.2 అయితే గొట్టం వైశాల్యం పైపుకి పదకొండు రెట్లు. అంటే నీళ్లు గొట్టంలో పైపు కంటే పదకొండో వంతు వేగంతోనే పైకి లేస్తాయి. ఆ నెమ్మదికి తేలికైన మురికి ఎగిరిపోతుంది, బరువైన గులకరాయి గింగిరాలు తిరిగి కిందపడుతుంది. సన్న గొట్టంతో వచ్చే సైఫన్లు ఇక్కడే దెబ్బతింటాయి. రాళ్లు పైపులోకెక్కి ఇరుక్కుంటాయి. గొట్టం నోటికి జల్లెడ మూత ఉంటే ఇంకా మంచిది. గప్పీ పిల్లలున్న తొట్టికి అది తప్పనిసరి.

లోపాలున్నాయి. బుడ్డిలో నీళ్లను ఒకవైపే పోనిచ్చే రెండు చిన్న రబ్బరు రేకులుంటాయి. ఒక్క ఇసుక నలక ఇరుక్కున్నా ఎంత నొక్కినా నీళ్లు రావు. బుడ్డిని విప్పి నీళ్లలో ఆడిస్తే సరిపోతుంది. విప్పినప్పుడు తలకిందులుగా బిగించకండి, బాణం గుర్తు బకెట్ వైపు ఉండాలి. కొత్త పైపు చుట్టలా ముడుచుకుపోయి ఉంటుంది, ఐదు నిమిషాలు వేడినీళ్లలో ఉంచితే మెత్తబడి సాగుతుంది. అతుకుల్లో గాలి చొరబడితే ధార మధ్యలో తెగుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు, ధార మరీ జోరుగా ఉండడం. 24×12×12 అంగుళాల తొట్టిలో రాళ్లు, పైన ఖాళీ పోను 48 లీటర్ల దాకా నీళ్లుంటాయి. వారానికి మార్చాల్సింది నాలుగో వంతు, 12 లీటర్లు. నీటి మట్టం సుమారు ఆరున్నర సెంటీమీటర్లు దిగితే అంత పోయినట్టే. అద్దం మీద అక్కడ టేపు ముక్క అతికించుకోండి. పైపును వేళ్లతో నొక్కి ధార తగ్గించకపోతే, సగం రాళ్లు కూడా శుభ్రం కాకముందే మట్టం టేపు దగ్గరకొచ్చేస్తుంది. అలా వస్తే ఆపేయండి, మిగతా సగం వచ్చే వారం. నిజానికి ఒకే రోజు మొత్తం అడుగు కలపకపోవడమే మంచిది.

ముందుగా ఫిల్టర్ ప్లగ్గు, హీటర్ ప్లగ్గు తీసేయండి. హీటర్ పావుగంట చల్లారాలి; వేడిగా ఉండగా నీళ్లలోంచి బయటపడితే గాజు పగులుతుంది. అద్దం మీది పాచిని పాత ఏటీఎం కార్డుతో ముందే గీకేయండి, రాలిందంతా సైఫన్లోకే పోతుంది. సబ్బు, అద్దాలు తుడిచే స్ప్రే దగ్గరకు రానివ్వొద్దు. గొట్టాన్ని నిటారుగా రాళ్లలోకి దింపి, బకెట్‌ను నేల మీద పెట్టి బుడ్డిని నాలుగైదు సార్లు నొక్కండి. రాళ్లు పైకి లేచి, మురికి పోయి, నీళ్లు తేటపడగానే గొట్టాన్ని పైకెత్తి పక్కన గుచ్చండి.

బకెట్‌లోకి తీసిన ఆ నీళ్లను పారబోయకండి. ఫిల్టర్ స్పాంజిని అందులోనే రెండు మూడు సార్లు పిండండి, చాలు. అయితే రాళ్లు బాగా కదిపిన రోజు స్పాంజి జోలికి వెళ్లొద్దు, ఒక వారం తేడా ఉండాలి.

కొత్త నీళ్ల దగ్గర తొందర పనికిరాదు. మున్సిపల్ నీళ్లైతే క్లోరిన్ విరుగుడు వేయాలి. సీకెమ్ ప్రైమ్ అనే విరుగుడు కొలత 200 లీటర్లకు 5 మిల్లీలీటర్లు, అంటే 12 లీటర్ల బకెట్‌కు 0.3. అంత తక్కువను మూతతో కొలవలేం, సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజి వాడండి. బోరు నీళ్లలో సాధారణంగా క్లోరిన్ ఉండదు గానీ, అప్పుడే తోడిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండొచ్చు. కొన్ని గంటలు ఎయిర్ పంపు పెట్టాలి. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు చేతికే కాలుతుంటాయి, పొద్దున్నే పట్టి పెట్టుకోవాలి. పాత నీళ్లకూ కొత్త నీళ్లకూ తేడా రెండు డిగ్రీలు దాటకూడదు. రాళ్ల మీద ప్లేటు పెట్టి, దాని మీద సన్నగా పోయండి.

నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టికి ఈ నాలుగో వంతు లెక్క వర్తించదు. అందులో పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోయి, అమోనియా అంతగా విషం కాని అమోనియం రూపంలో పేరుకుని ఉండొచ్చు. ఒక్కసారిగా ఎక్కువ నీళ్లు మారిస్తే పీహెచ్ పెరిగి అది విషమవుతుంది. రెండు మూడు రోజులకోసారి పదో వంతు మార్చుకుంటూ రావాలి.

గుడ్డ సంచితో వచ్చే బ్యాటరీ క్లీనర్లు దీనికి ప్రత్యామ్నాయం కావు. పెద్ద మురికిని సంచిలో పట్టి, నైట్రేట్ ఉన్న అవే నీళ్లను తిరిగి తొట్టిలోకి వదులుతాయి. అది ఊడ్చడం, నీళ్లు మార్చడం కాదు. సన్న ఇసుక పరిచినవాళ్లు మాత్రం ఈ చేతిపంపును గుచ్చకుండా, ఇసుకకు రెండు సెంటీమీటర్ల ఎత్తున తిప్పాలి. మొక్కల కోసం ప్రత్యేక మట్టి వేసిన తొట్టికి ఇది వద్దు, పోషకాలున్న అడుగంతా కలిసిపోతుంది. మూడడుగులు, అంతకు మించిన తొట్టి ఉన్నవాళ్లు ఇంకా పొడవైన, వెడల్పైన గొట్టం తీసుకోవాలి. రెండడుగుల గులకరాళ్ల తొట్టికి మాత్రం ఆక్వేరియం సామాన్లలో ఫిల్టర్ తర్వాత కొనాల్సిన వస్తువు ఇదే.

పని అయ్యాక ఉత్త నీళ్లతో కడిగి, బుడ్డి ఊడదీసి పూర్తిగా ఆరబెట్టండి. తెల్లమచ్చల జబ్బు ఉన్న తొట్టిలో వాడిన సైఫన్‌ను తడిగా ఉండగా ఇంకో తొట్టిలో దింపితే, ఆ జబ్బు అక్కడికీ చేరుతుంది.