ఒక్క షావుకారా, నలుగురు కొనేవాళ్లా?

2025 ఆగస్టు 27 దాటాక భీమవరం నుంచి బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, ఢిల్లీవాళ్లు రష్యా ఆయిలు కొంటే మన రొయ్య మీద పన్నేంట్రా?" అప్పటికే ఉన్న 25 శాతానికి అమెరికా ఇంకో 25 కలిపి 50 చేసింది. మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసే పాత యాంటీ డంపింగ్ సుంకం దీనికి అదనం. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర పడిపోయింది. ఆయనకు జవాబు చెప్పబోయి నేనే ఆలోచనలో పడ్డాను. అగ్రరాజ్యాలు కొట్టుకుంటుంటే చిన్న దేశం ఎలా నిలబడితే మేలు?

మొదటి దారి ఒక్కరినే నమ్ముకోవడం, అది బాబాయికి బాగా తెలుసు. మేత అప్పుగా ఇచ్చే షావుకారు ఒక్కడే ఉంటే టెన్షన్ లేదు, కానీ పట్టుబడి రోజు ధర ఆయన చెప్పిందే. క్యూబా చక్కెరను సోవియట్ మంచి ధరకు కొని, చవగ్గా చమురు పోసింది. 1991లో ఆ షావుకారు కొట్టే మూతపడింది, క్యూబాలో తిండికే కటకట వచ్చింది. పాకిస్తాన్ 1954లో సీటోలో, మరుసటేడు బాగ్దాద్ ఒప్పందంలో (రెండూ సోవియట్‌కు ఎదురుగా కట్టిన సైనిక కూటములు) చేరి అమెరికా ఆయుధాలు తెచ్చుకుంది. తీరా 1965 యుద్ధంలో అమెరికా ఇద్దరికీ సరఫరా ఆపేస్తే ఎక్కువ దెబ్బ తగిలింది దాన్నే నమ్ముకున్నవాడికి.

రెండోది ఎవరి గుంపులోనూ చేరకపోవడం. 1955లో బాండుంగ్‌లో 29 దేశాలు కలిశాయి, 1961లో బెల్‌గ్రేడ్‌లో అలీనోద్యమం మొదలైంది. గౌరవం దక్కింది, నిజమే. కానీ 1965, 66 కరువుల్లో మనం తిన్నది అమెరికా ఆహార సాయం కింద వచ్చిన పీఎల్ 480 గోధుమలు. వియత్నాం మీద బాంబులు వద్దని మనం అంటుంటే, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆ గోధుమలను కొద్దికొద్దిగా, నెలల లెక్కన వదిలాడు. గాదె ఖాళీగా ఉన్నవాడి తటస్థత అంతవరకే. ఆ గాదె నింపడంలో మన డెల్టాకూ వాటా ఉంది. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్ 8 అనే అధిక దిగుబడి వరి వేసి, పండించి చూపించారు. (ఆ విత్తనం పుట్టిన ఫిలిప్పీన్స్ పరిశోధన సంస్థను పెట్టించింది అమెరికా ఫౌండేషన్లే. విత్తనం ఎవరిదైనా తీసుకోవచ్చు, గింజ మన కళ్లంలో ఉండాలి.)

మూడోది అందరితోనూ బేరం. వియత్నాం దీన్ని వెదురు దౌత్యం అంటుంది, అంటే వంగుతుంది గానీ విరగదు. 2023 సెప్టెంబరులో బైడెన్, డిసెంబరులో జిన్‌పింగ్, 2024 జూన్‌లో పుతిన్, ముగ్గురూ హనోయి వచ్చి వెళ్లారు. మనమూ అంతే: ఇటు అమెరికాతో క్వాడ్ కూటమి, అటు రష్యా, చైనాలతో బ్రిక్స్ కూటమి, మధ్యలో రష్యా చమురు.

నా ఓటు దీనికే. అయితే బాబాయి ఫోన్‌తో ఒక లోపం కనబడింది. ఢిల్లీ నలుగురితో బేరమాడుతోంది గానీ, మన రొయ్య మాత్రం మొదటి దారిలోనే ఉండిపోయింది. అన్నిటికంటే పెద్ద గిరాకీ అమెరికాదే. అక్కడ ఈక్వెడార్ రొయ్యకు 15 శాతమే వేశారు. మన చెరువుల్లో పెరిగే వనామీ రకం రొయ్య అసలు పుట్టిల్లు ఆ తీరమే, అది వేరే కడుపుమంట. దేశానికి నలుగురు స్నేహితులుంటే చాలదు, సరుకుకూ నలుగురు కొనేవాళ్లుండాలి. ఐరోపా, జపాన్ కొంటాయి గానీ వాళ్ల నాణ్యత పరీక్షలకు తగ్గట్టు చెరువు మార్చుకోవడం ఒక్క పంటలో అయ్యే పని కాదు.

ఇదంతా చెబితే బాబాయి విని, "సరేలే" అన్నాడు. తర్వాత తెలిసింది, రెండు చెరువుల్లో ఒకదాంట్లో శీలావతి పిల్ల వదిలాడట. రొయ్యంత లాభం రాదు గానీ, ఆ చేప అమెరికా ఓడ కాదు, బెంగాల్ వెళ్లే హౌరా లారీ ఎక్కుతుంది.