హలేఅకలా: సూర్యోదయం చూసి వెంటనే దిగిపోకండి

హవాయిలోని మౌయి ద్వీపానికి వెళ్లినవాళ్లలో చాలామంది హలేఅకలా అగ్నిపర్వతం మీద చేసే పని ఒకటే. అర్ధరాత్రి లేచి, 10,023 అడుగుల ఎత్తుకు కారు తోలి, వణుకుతూ సూర్యుణ్ని చూసి, పావుగంటకల్లా హీటరు వేసుకుని కిందికి దిగిపోతారు. అంత ఎత్తు ఎక్కి, శిఖరం పక్కనే కిందికి పరుచుకున్న లోయలో అడుగు పెట్టకుండా రావడమంటే గుడి దాకా వెళ్లి గోపురానికి దండం పెట్టి వెనుదిరిగినట్టే.

ముందు రిజర్వేషన్ సంగతి. తెల్లవారుజామున 3 నుంచి 7 మధ్య హలేఅకలా నేషనల్ పార్కు గేటు దాటాలంటే రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవాలి. కారుకు 1 డాలరు. 60 రోజుల ముందు, హవాయి టైము ఉదయం 7కి తెరుస్తారు. ఇండియాలో అప్పుడు రాత్రి 10:30. అప్పుడు దొరక్కపోతే 2 రోజుల ముందు ఇంకొన్ని వదులుతారు, అదే టైముకి కాచుకోండి. ఎవరి పేరున బుక్ చేశారో వాళ్లు ఫోటో గుర్తింపు కార్డుతో కారులో ఉండాలి. బుకింగ్‌ను ఫోన్‌లో ముందే దింపి ఉంచుకోండి, గేటు దగ్గర సిగ్నల్‌ను నమ్మలేం. ప్రవేశ రుసుము వేరు: కారుకు 30 డాలర్లు, కార్డుతోనే కట్టాలి, 3 రోజులు చెల్లుతుంది. ఆ 3 రోజుల మాట గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

బస విషయానికొస్తే, కిహేయి, వైలియా రిసార్టుల నుంచి పైకి గంటన్నర నుంచి రెండు గంటలు. లహైనా వైపు నుంచైతే ఇంకా ఎక్కువ. ఆ ఒక్క రాత్రికి కొండవాలులోని కూలాలో చిన్న బస తీసుకుంటే నిద్ర గంటకు పైగా మిగులుతుంది. టెంటు ఉన్నవాళ్లకు పార్కు లోపలే, దాదాపు 7,000 అడుగుల ఎత్తున హోస్మర్ గ్రోవ్ క్యాంపుగ్రౌండ్ ఉంది. అమెరికా తూర్పు నుంచి వచ్చేవాళ్లు ఈ సూర్యోదయం ప్రయాణాన్ని మొదటి రెండు మూడు రోజుల్లోనే పెట్టుకోవాలి. న్యూజెర్సీ ఒంటికి మౌయి తెల్లవారుజాము 3 అంటే ఉదయం 8, 9 అన్నట్టే, మెలకువ దానంతటదే వస్తుంది. స్కూబా డైవింగ్ చేస్తే మాత్రం 24 గంటలు గడిచేదాకా పైకి వెళ్లొద్దు. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ ఆ ఎత్తులో బుడగలు కట్టే ప్రమాదం ఉంది.

టూరు వ్యాన్లలో సౌకర్యం ఉంది. హోటల్ దగ్గరికే వస్తారు, రిజర్వేషన్ బాధ వాళ్లదే. కానీ సూర్యోదయం కాగానే ఎక్కించేస్తారు, నడకకు టైము ఉండదు. సైకిల్ టూర్లు కూడా శిఖరం నుంచి కావు, పార్కు బయట 6,500 అడుగుల దగ్గర మొదలవుతాయి. నడిచే ఉద్దేశం ఉంటే సొంతంగా కారు అద్దెకు తీసుకోవడమే మేలు. దారిలోని పుకలాని ఊరు దాటితే పెట్రోలు లేదు. పార్కులో తిండి కూడా అమ్మరు.

సూర్యోదయం జూన్‌లో సుమారు 5:40కి, జనవరిలో 7 ప్రాంతంలో. గంట ముందే అక్కడుండాలి, ఎందుకంటే రంగులన్నీ సూర్యుడు రాకముందే. చలి సున్నా డిగ్రీలకు దగ్గరగా పడుతుంది, పైగా గాలి. బీచ్ బట్టల మీద హోటల్ తువ్వాళ్లు చుట్టుకుని నిలబడ్డవాళ్లు రోజూ కనిపిస్తారు. శిఖరం మీద అద్దాల గది ఉంది, పెద్దవాళ్లకూ పిల్లలకూ అదే నయం. నడిచేవాళ్లు 9,740 అడుగుల దగ్గరున్న విజిటర్ సెంటర్ పార్కింగ్‌లోనే ఆగాలి, బాట అక్కడే మొదలవుతుంది. గాలి పీడనం సముద్రమట్టం కంటే 30 శాతం తక్కువ. బ్యాగులోని చిప్స్ పొట్లం బుడగలా ఉబ్బి ఉంటుంది చూడండి, మెట్లెక్కగానే ఆయాసం ఎందుకో అర్థమవుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే వెళ్లాలి.

ఇక నడక. బాట పేరు కెయోనెహెఎహెఎ, వాడుకలో స్లైడింగ్ సాండ్స్. ఈ బాట దిగే లోయను క్రేటర్ అని పిలుస్తారు గానీ ఇది పేలుడుతో పడిన గొయ్యి కాదు. రెండు వైపుల నుంచి వాగులు కొండను కోసుకుంటూ వచ్చి కలిసిన లోయ. తర్వాత లావా, బూడిద దిబ్బలు దాన్ని నింపాయి. అడుగు వేస్తే ఎర్రటి నల్లటి గులకబూడిద కరకరమంటూ జారి బూట్లలోకి దూరుతుంది. చీలమండ దాటే బూట్లు, పొడుగు మేజోళ్లు తప్పనిసరి.

పావు మైలులో మొదటి వ్యూ పాయింట్ వస్తుంది. పిల్లలతో అంతే చాలు. మధ్యస్థంగా కావాలంటే కా లూ ఓ కా ఓఓ దిబ్బ దాకా వెళ్లొచ్చు: రానూ పోనూ 5 మైళ్లు, 1,400 అడుగుల దిగుడు. లోయ అడుగుదాకా అయితే 8 మైళ్లు, 2,500 అడుగులు. ఇక్కడ మోసపోయేది లెక్కలో: దిగడం తేలిక, ఎక్కడానికి రెట్టింపు టైము. గంటలో దిగితే రెండు గంటలు ఎక్కడానికి పక్కన పెట్టుకోవాలి. మనిషికి 3 లీటర్ల నీళ్లు, టోపీ, సన్‌స్క్రీన్. దారిలో నీడ అన్నది లేదు. మధ్యాహ్నానికి ఉత్తరాన ఉన్న కోఓలావు సందులోంచి మబ్బు లోపలికి పాకి దారి కనబడకుండా చేస్తుంది, అందుకే పొద్దున్నే దిగాలి. వెండిరంగు ఆకుల అహినాహినా మొక్కల దగ్గరికి వెళ్లి తొక్కకండి, వాటి వేళ్లు పైపైనే ఉంటాయి. ఒక్కో మొక్క దశాబ్దాలు బతికి, ఒక్కసారే పూసి చనిపోతుంది.

అవతల హలేమఊ బాట మీదుగా బయటపడే 11.2 మైళ్ల నడకే అన్నిటికంటే అందం, కానీ దాన్ని సూర్యోదయం రోజున పెట్టుకోకండి. కారు పైన ఉంటుంది, మీరు 7,990 అడుగుల దగ్గర తేలతారు. 3 రోజుల రుసుము ఉంది కదా, మరో రోజు 7 దాటాక రండి. కారు హలేమఊ దగ్గర పెట్టి, పైకి వెళ్లే ఎవరి కారులోనో లిఫ్టు అడిగి ఎక్కి, నడుచుకుంటూ మీ కారు దగ్గరికే దిగండి.

సూర్యోదయం టికెట్ దొరక్కపోతే సూర్యాస్తమయం చూడండి, దానికి రిజర్వేషన్ అక్కర్లేదు, చీకటి పడ్డాక నక్షత్రాలు కూడా. తిరుగుదారిలో లో గేరు వేయండి. బ్రేకు మీదే కాలుంచితే కూలా చేరేసరికి కాలిన వాసన వస్తుంది. రోడ్డు మీదికి ‘నేనే’ అనే హవాయి పెద్దబాతులు వస్తాయి, అవి దాటేదాకా ఆగాలి.