వెన్నుపాములో టాక్సో: సెప్ట్రాన్ మేలా, పైరిమెథమైన్-సల్ఫాడయజిన్ మేలా?

పోయిన ఎండాకాలం మా అన్నకి ఈ జబ్బు వచ్చిన సంగతి తెలిసినప్పటినుంచి అనంతపురం, తాడిపత్రి నుంచి ఫోన్ చేసి అందరూ ఇదే అడుగుతున్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నా. హెచ్ఐవీ ఉండి సీడీ4 (రోగాన్ని తట్టుకునే తెల్ల రక్తకణాల లెక్క) వంద లోపు పడిపోయి, కాళ్ళు చచ్చుబడి, మూత్రం ఆగిపోయి, ఎంఆర్ఐలో వెన్నుపాములో గడ్డ కనపడి, ఇది టాక్సోప్లాస్మా (టాక్సో) అనే పరాన్నజీవి పని అని మందు మొదలుపెడతాం అన్నాక వచ్చే ప్రశ్న ఇది.

పుస్తకాల్లో మొదటి పేరు పైరిమెథమైన్, సల్ఫాడయజిన్ జోడీదే. అయితే మెదడులో టాక్సో వచ్చిన 77 మంది మీద ఇటలీలో చేసిన ట్రయల్ 1998లో వచ్చింది, అందులో సెప్ట్రాన్ (ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథాక్సజోల్ కలిసిన మందు) కూడా దాదాపు అంతే పనిచేసింది. వెన్నుపాముది చానా అరుదు, డాక్టర్లు మెదడు లెక్కనే దీనికీ వాడతారు.

నా మటుకు తేల్చేది నీళ్ళు. సల్ఫాడయజిన్ మూత్రంలో సరిగా కరగదు, స్ఫటికాలు కట్టి కిడ్నీని దెబ్బతీస్తుంది, బాగా నీళ్ళు తాగాల్సిందే. మా అన్నకేమో క్యాథెటర్ పెట్టినారు, బ్యాగు నిండితే వదిన తీయాలని సిగ్గుపడి మే నెల ఎండలో కూడా నీళ్ళు తాగడం మానేసినాడు, మాకెవరికీ చెప్పలేదు. తొమ్మిదో రోజు బ్యాగులో ఇసుక మాదిరి కనపడింది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగింది, అప్పుడు డాక్టర్ సెప్ట్రాన్‌కి మార్చినారు. అందులోదీ సల్ఫా జాతి మందే, నీళ్ళు దానికీ కావాలి, కానీ ఇంత బెడద ఉండదు. వెన్నుపాము దెబ్బతిన్నోడు నీళ్ళకి భయపడతాడు, ఇది ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకోవాలి.

ఇంకోటి, పైరిమెథమైన్‌తో పాటు ఫోలినిక్ యాసిడ్ తప్పనిసరి, మాకు ఒక మెడికల్ షాపులో ఫోలిక్ యాసిడ్ చేతిలో పెట్టినారు, రెండూ ఒకటే అని. ఒకటి కాదు, ఫోలిక్ ఇస్తే మందు పనికే అడ్డం, దయచేసి పేరు అక్షరం అక్షరం చూసుకోండి. మాత్రల లెక్క చూసినా జోడీలో సల్ఫాడయజిన్ ఒక్కటే రోజుకి ఎనిమిదికి తగ్గదు, అరవై కేజీల మనిషికి సెప్ట్రాన్ డీఎస్ (డబుల్ స్ట్రెంగ్త్) పూటకి రెండు చొప్పున నాలుగు, మింగలేకపోతే ఇంజెక్షన్ కూడా ఉంది. ఆరు వారాలు తక్కువ కాకుండా వాడాలి కదా.

సెప్ట్రాన్‌తో ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, పొటాషియం పెరగొచ్చు, రక్తపరీక్షలు వదలకండి. సల్ఫా పడనోళ్ళకి సల్ఫాడయజిన్ బదులు క్లిండామైసిన్, విరేచనాలు పడతాయి, ఒక్కోసారి అవి ప్రమాదంగా మారొచ్చు, ఎక్కువైతే డాక్టర్‌కి చెప్పండి.

అన్న ఇప్పుడు కర్ర పట్టుకుని బాత్రూం దాకా పోతున్నాడు. హెచ్ఐవీ మందులతో సీడీ4 200 దాటి ఆరు నెలలు నిలిచేదాకా తక్కువ డోసు సెప్ట్రాన్ ఆపొద్దన్నారు, నెలనెలా ఏఆర్టీ సెంటర్‌కి (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) పోయి తెస్తున్నా.