గోల్కొండ గోడల లోపల పద్దెనిమిది గుంతలు

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో గోల్ఫ్ సంచిని పడుకోబెడితేనే కింది బెర్తు కింద పడుతుంది. ఒక ఆటగాడు పద్నాలుగు కర్రల వరకు వెంట ఉంచుకోవచ్చని నియమం. నేను ఏడే సర్దుకున్నాను: దూరం కొట్టే డ్రైవరు ఒకటి, దానికంటే అదుపులో ఉండే హైబ్రిడ్ ఒకటి, ఇనుప తలల ఐరన్లు మూడు, బంతిని పైకి లేపే వెడ్జ్ ఒకటి, గుంతలోకి దొర్లించే పుటర్ ఒకటి. కర్రల తలలకు పాత మేజోళ్లు తొడిగి, సంచి మూతికి తువ్వాలు బిగించి కట్టాను. అలా కట్టకపోతే రాత్రంతా రైలు కుదుపులకు అవి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తూనే ఉంటాయి. విశాఖలో సాయంత్రం ఎక్కి, చీకటి విడేవేళకు మా వదినా నేనూ నాంపల్లిలో దిగాం. జనవరి చలి అప్పటికింకా ప్లాట్‌ఫాం మీదే ఉంది.

నేను ఈ ఆటలోకి ఆలస్యంగా వచ్చాను. 2021 ఆగస్టులో ఒక శనివారం తెల్లవారుజామున టీవీ ముందు కూర్చుని టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ చివరి రౌండు చూశాను. ఒక్క దెబ్బ తేడాతో కాంస్యం చేజారి ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. అప్పటికి పార్ అంటే ఏమిటో, బర్డీ అంటే ఏమిటో నాకు తెలియదు. ఆ అమ్మాయి పుటర్ పట్టుకుని గ్రీన్ (గుంత చుట్టూ నున్నగా కోసిన పచ్చిక) మీద నిలబడిన తీరు మాత్రం మనసులో ఉండిపోయింది. ఆ ఏడాదే మా ఊళ్లోని ఈస్ట్ పాయింట్ క్లబ్బులో పాఠాలు మొదలుపెట్టాను. హైదరాబాద్ మైదానాల మీద ఆడాలని అప్పటి నుంచీ కోరిక. ఈసారి కళాశాల సెలవులు, వదిన తీరిక రెండూ కలిసి వచ్చాయి. వదిన ఆడదు. కోటలు, సమాధులు, పాత మసీదులంటే ఆమెకు ప్రాణం. అందుకే ఈ యాత్ర ఇద్దరికీ సరిపోయింది.

ముందు బస సంగతి. ఎందుకంటే మొదటి పొరపాటు అక్కడే జరిగింది. తొలి రెండు రాత్రులకు గచ్చిబౌలి వైపు పేరున్న ఒక పెద్ద హోటల్లో గది తీసుకున్నాం. గది బాగుంది, పరుపు బాగుంది, పనివాళ్ల మర్యాదకు వంక పెట్టలేం. కానీ గోల్ఫ్ ఆడేవాళ్ల రోజు ఐదింటికి మొదలవుతుంది. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యుడు ఆరూ నలభై దాటాక వస్తాడు. తొలి వరుసలో ఆడాలంటే ఆరున్నరకల్లా మైదానంలో ఉండాలి. ఆ హోటల్లో అల్పాహారం ఏడింటికి గానీ మొదలుకాదు. రెండు అరటిపండ్లు, రెండు ఉడికించిన గుడ్లు కట్టి ఇవ్వండని ముందురోజు రాత్రే అడిగాను. సరేనన్నారు. తెల్లవారి దిగి చూస్తే వంటగదికి ఆ కబురే అందలేదు. సాయంత్రం మట్టి అంటిన బూట్లతో వస్తే, వాటిని కడుక్కునే చోటు ఎక్కడని అడగడానికి ముగ్గురి దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది. చివరికి స్నానాలగదిలోనే కడిగాను. గదికి అంత డబ్బు తీసుకునే చోట ఇవి పెద్ద కోరికలు కావు. చుట్టూ ఐటీ కార్యాలయాలు, విదేశీ అతిథులు, కాస్త దూరంలో గోల్ఫ్ మైదానం ఉన్న ప్రాంతంలో తెల్లవారుజామున ఒక ఫ్లాస్కు కాఫీ, మేజోళ్లు ఆరేసుకునే తీగ ఉంటే చాలు.

మూడో రోజున మెహిదీపట్నం దగ్గర ఒక చిన్న లాడ్జికి మారాం. గది ఇరుకు, గోడలకు సున్నం వేసి చాలా కాలమైంది. కానీ ఐదింటికే కింద ఇరానీ చాయ్ దుకాణం తెరుచుకుంటుంది. కాపలా పెద్దాయన నా బూట్లు చూసి, అడగకుండానే వెనుక కొళాయి చూపించాడు. గోల్కొండకు పదిహేను, ఇరవై నిమిషాల దారి. ఇద్దరు ఆడవాళ్లం చీకట్లో బయలుదేరుతున్నామని, కారు వచ్చేవరకు ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. గోల్ఫ్ యాత్రలో బసను పరుపుతో కాక తెల్లవారుజాముతో తూచాలని అక్కడే గ్రహించాను.

గోల్కొండ కోటలో నయా ఖిల్లా (కొత్త కోట) అనే భాగంలోని హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ మైదానానికి మా వారి పాత మిత్రుడైన ఒక సభ్యుడి అతిథిగా వెళ్లాను. 1656లో మొఘల్ సేనలు గోల్కొండ మీదకు వచ్చాక, అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో ఈ భాగాన్ని కోటకు కలిపారు. అయినా 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడిపోయింది. అలాంటి చోట బుర్జుల నీడలో టీ (ప్రతి గుంతకూ తొలి దెబ్బ కొట్టే చోటు) దగ్గర నిలబడి కర్ర ఎత్తడం మాటల్లో పెట్టలేని అనుభూతి. మంచు తడి ఇంకా ఆరలేదు. బంతి దొర్లినంత మేరా గడ్డి మీద ఒక చార పడుతుంది. తడి గ్రీన్ మీద పుటర్‌తో కొట్టిన బంతి మెల్లగా సాగి, గుంతకు జానెడు దూరంలో ఆగిపోతుంది. ఎనిమిది దాటి ఎండ తగిలాక అదే గ్రీన్ మీద అంతే బలంతో కొడితే గుంత దాటి వెళుతుంది. గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లే మరి.

మా వదినను కలవరపెట్టిన విషయం వేరు. కోట గోడల లోపల ఇంత పచ్చిక పరిచి, సభ్యులకే ఎక్కువగా పనికివచ్చే మైదానం ఉండడం సరేనా అని ఆమె అడిగింది. చారిత్రక కట్టడాల పరిరక్షకులు చాలా ఏళ్లుగా వేస్తున్న ప్రశ్నే ఇది. ఇక్కడే ముల్లా ఖయాలీ మసీదు ఉంది. నాలుగు వందల ఏళ్లు దాటిందని చెప్పుకునే మహావృక్షం ఉంది. అది ఆఫ్రికా జాతి బయోబాబ్. దాన్ని చుట్టుపక్కలవాళ్లు ‘హాథియాఁ కా ఝాడ్’ (ఏనుగుల చెట్టు) అంటారు. దాని మొదలు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడాలంటే ఒక తరగతి పిల్లలంతా కావాలి. వదిన దాని తొర్రలోకి తొంగిచూసి, చాలాసేపు మాట్లాడకుండా నిలబడిపోయింది. నేను ఆట ప్రేమించే మనిషినే. అయినా ఈ విషయంలో వదినే సరి. ఇక్కడ ఆడే హక్కు ఎవరికి ఉన్నా, ఆ చెట్టునూ ఆ మసీదునూ బుర్జులనూ చూసే దారి మామూలు మనిషికి తేలికగా, ఎవరినీ బతిమాలకుండా దొరకాలి. అది దొరికినప్పుడే గోల్ఫ్ ఈ నగరానికి పరాయి ఆటగా మిగలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ రోజు నాతో నడిచిన క్యాడీ, అంటే సంచి మోస్తూ సలహా చెప్పే సహాయకుడు, పాతికేళ్లు దాటని కుర్రవాడు. పేరు రాయను. మొదటి మూడు గుంతల వరకు ఏమీ మాట్లాడలేదు, నా దెబ్బలు చూశాడంతే. నాలుగో టీ దగ్గర, “మేడమ్, డ్రైవరు సంచిలో పెట్టేయండి, హైబ్రిడ్ తీయండి” అన్నాడు. ఎందుకు బాబూ అంటే, “మీ బంతి కుడివైపు వంగుతుంది. ఇక్కడ కుడివైపు రాళ్లున్నాయి” అన్నాడు. ఆ ఒక్క మాటతో రెండు దెబ్బలు మిగిలాయి. గ్రీన్ వాలు చదివేటప్పుడు మోకాలి మీద కూర్చోడు. పాదాలతో చదువుతాడు. ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు వేసి, “అరచేయంత ఎడమకు” అంటాడు. పద్దెనిమిది గుంతలు అంటే సుమారు నాలుగున్నర గంటలు, ఏడెనిమిది కిలోమీటర్ల నడక, భుజం మీద బరువు. బంకర్ అనే ఇసుక గుంటలో నా అడుగుల గుర్తులు పోయేలా పళ్ల దంతె లాగింది అతనే. ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య పచ్చిక బాట) మీద నా కర్ర తవ్విన పచ్చిక ముక్కను తిరిగి పెట్టి తొక్కింది అతనే.

నడుస్తూ మాట్లాడుకున్నాం. మన దేశంలో చాలా క్లబ్బుల్లో క్యాడీకి నెల జీతం ఉండదు. ఆడినవారు రౌండుకు ఇంత అని ఇస్తారు. ఆట లేని రోజు కూలి లేదు. జూన్ నుంచి వాన ముసురు పట్టి మైదానం బురదైతే వారం వారమే ఖాళీ. మండువేసవిలో పదింటికే ఆట ముగుస్తుంది, రెండో రౌండు దొరకదు. పైగా ఇప్పుడు బ్యాటరీ బండ్లు పెరిగాయి. ఇద్దరు ఆటగాళ్లు ఒక బండిలో వెళితే, ఇద్దరికీ కలిపి ఒక్క క్యాడీ చాలంటారు. ఈ కుర్రాళ్లలోంచే గొప్ప ఆటగాళ్లు వచ్చిన దేశం మనది. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ క్యాడీల లోకం నుంచి వచ్చినవాడు. కోల్‌కతాలో మైదానం చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016లోనూ 2017లోనూ అదే ఇండియన్ ఓపెన్ గెలిచాడు. నా క్యాడీకి ఈ రెండు పేర్లూ కంఠతా వచ్చు. సొంత కర్రలు మూడే ఉన్నాయని, అవి కూడా ఒక ఆటగాడు వదిలేసినవని చెప్పాడు.

నాలుగో రోజు ఉదయం బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ మైదానం. ముందే ఫోను చేసి, మా క్లబ్బు ఇచ్చిన హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి లెక్క) పత్రం పంపి, వారం మధ్యరోజుకు సమయం తీసుకున్నాను. ఆదివారంతో పోలిస్తే మధ్యరోజుల్లో రుసుమూ తక్కువే, వెనుక నుంచి తరిమేవాళ్లూ తక్కువే. దక్కన్ రాతిని చెరపకుండా మైదానం ఎలా పరచవచ్చో చూడాలంటే ఇక్కడికి రావాలి. రెండు వందల యాభై కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు గుండ్లు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్లు, ఫెయిర్‌వేల పక్కన నిలబడి ఉంటాయి. రూపకల్పన పీటర్ హారడిన్‌ది. గుండుకు తగిలిన నా బంతి ఒకటి నా వెనక్కే వచ్చి పడింది. ఆట కష్టం, కళ్లకు పండుగ. బెర్ముడా గడ్డి చలికి పెరుగుదల తగ్గి అక్కడక్కడ గోధుమరంగు తిరిగింది. గ్రీన్లు మాత్రం ముఖమల్ పరచినట్లున్నాయి. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు గడ్డి కోయడం, నీరు పట్టడం రోజువారీ పని; నేలకు గాలి ఆడేలా రంధ్రాలు చేయడం, ఇసుక చల్లడం అప్పుడప్పుడూ చేసే పని. ఈ వ్యాపారంలో డబ్బు ఎక్కడికి పోతుందని అడిగేవారికి జవాబు ఆ గ్రీన్లే. నీటి కరువున్న నగరంలో శుద్ధి చేసిన మురుగునీటితోనే గడ్డి పెంచడం తప్పనిసరి కావాలని నా గట్టి అభిప్రాయం.

వ్యాపారం అంటున్నాను కాబట్టి ఇంకొకటి. నగరం పడమటి అంచున ఏ రోడ్డు పట్టినా గోల్ఫ్ విల్లాల ప్రకటన బోర్డులు కనిపిస్తాయి. వాటిలో ఒకదాని కార్యాలయానికి వదిన పట్టుబట్టి నన్ను తీసుకువెళ్లింది. చక్కటి నమూనా బొమ్మ, చల్లటి నిమ్మరసం. మైదానం ఎప్పటికి పూర్తవుతుంది, ఎవరు నడుపుతారు, నీరు ఎక్కడిది, క్యాడీలు ఎక్కడి నుంచి వస్తారు అని అడిగాను. ఇంటి ధర తప్ప దేనికీ తేటగా సమాధానం రాలేదు. గోల్ఫ్ పేరు చూసి ఇల్లు కొనేవారు ఈ నాలుగు ప్రశ్నలు తప్పక అడగాలి. ఆట చుట్టూ ఇళ్లు కట్టడంలో తప్పు లేదు. ఆట లేకుండా పేరొక్కటే అమ్మడం మోసం.

అదే రోజు సాయంత్రం ఒక డ్రైవింగ్ రేంజ్‌కు, అంటే గోల్ఫ్ దెబ్బలు సాధన చేసే చోటుకు వెళ్లాను. బంతుల బుట్ట అద్దెకు తీసుకుంటే ఎవరైనా కొట్టుకోవచ్చు, సభ్యత్వం అక్కరలేదు. చాపలు అరిగి నేల తగులుతోంది, బంతులు సగం పగుళ్లవి, శిక్షకుడు నేను కర్ర చేతిలో పట్టకముందే మూడు నెలల ప్యాకేజీ చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్ని లోపాలున్నా నాకు ఎక్కువ ఆశ కలిగించిన చోటు అదే. చుడీదార్ మీద బూట్లు వేసుకున్న ఒక అమ్మాయి, ఆఫీసు బ్యాడ్జి మెడలోంచి తీయని ఇద్దరు కుర్రాళ్లు, పదేళ్ల మనవణ్ని తీసుకువచ్చిన ఒక తాతగారు పక్కపక్కనే నిలబడి కొడుతున్నారు. ఆ మనవడి బంతి మొదటిసారి గాలిలోకి లేచినప్పుడు వరుసంతా చప్పట్లు కొట్టింది. లక్షల రూపాయల సభ్యత్వాలు, ఏళ్ల తరబడి నిరీక్షణ జాబితాలు ఉన్న ఆటకు కొత్త మనుషులు వచ్చే తలుపు ఇదొక్కటే. దానికి మంచి చాపలు వేయండి, బంతులు మార్చండి, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి కట్టండి. నాలుగేళ్లలో నేను ఆడిన చాలాచోట్ల మైదానం రెండో సగంలో ఆ వసతి లేక నాలుగు గంటలు నీళ్లు తాగకుండా ఆడాను. ఆడపిల్లలు ఈ ఆటకు రావడం లేదని నిట్టూర్చే నిర్వాహకులు ముందు ఆ ఒక్క గది సంగతి చూడాలి.

వదిన ఖాతాలో కుతుబ్ షాహీ సమాధులు, కటోరా హౌజ్, తారామతి బారాదరి చేరాయి. బారాదరి దగ్గర పర్యాటక సంస్థ హరిత హోటల్ చూసి, వచ్చేసారి ఇక్కడ దిగుదామంది. గోల్కొండకు దగ్గర, చుట్టూ ఖాళీ నేల, ఉదయం నడకకు బాగుంటుంది. ముందు ఫోను చేసి, ఐదింటికి టీ ఇస్తారా అని అడుగుతాను.

ఖర్చు లెక్క వేస్తే, మొదటి హోటల్లో రెండు రాత్రులకు పెట్టిన సొమ్ము మిగతా బస, ప్రయాణం, భోజనాలన్నీ కలిపినదానికి సమానమైంది. వచ్చే జనవరికి ఆ సొమ్ములో సగం క్యాడీకే కేటాయించాను. అతని ఫోను నంబరు తీసుకున్నాను, రెండు రౌండ్లకు ముందే మాట ఇచ్చాను. ఈ రౌండుకు క్లబ్బు చెప్పిన మొత్తం ఇచ్చాక, పైన ఏమి ఇవ్వాలని మా వారి మిత్రుణ్ని అడిగితే “మీ ఇష్టం” అన్నారు. నా సంచిలోని ఏడో నంబరు ఐరన్ అతని చేతిలో పెట్టాను. మా ఇంట్లో ఇంకొకటి ఉంది. అతను దాన్ని రెండుసార్లు ఊపి చూసి, “పిడి కొంచెం పొట్టిగా ఉంది మేడమ్, సరిచేయించుకుంటాను” అన్నాడు. తిరుగు ప్రయాణంలో గోదావరి బెర్తు కింద ఆరు కర్రలే ఉన్నాయి.