పది బిళ్ళా, ఇరవై బిళ్ళా

పది రూపాయల బిళ్ళనీ, ఇరవై రూపాయల బిళ్ళనీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూడండి. పదికి అంచు పసుపు, నడుమ తెలుపు. ఇరవైకి అదే తిరగేసి: అంచు తెలుపు, నడుమ పసుపు. అడ్డంగా రెండూ 27 మిల్లీమీటర్లే. బరువులో మాత్రం పది 7.71 గ్రాములు, ఇరవై 8.54.

పది 2009లో చలామణిలోకి వచ్చింది. 2011లో రూపాయి గుర్తు చేరింది. ఇలా డిజైన్లు మారుతూ రావడమే దానికి చేటయింది. బిళ్ళ మీద పది గీతలుంటే అసలు, పదిహేనుంటే నకిలీ అని పుకారు లేచింది. మన ఊళ్ళలో ఎన్నో కిరాణా కొట్లు తీసుకోవడం మానేశాయి. 14 డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పినా అనుమానం పూర్తిగా పోలేదు. ప్రభుత్వ టంకశాలలో అచ్చయిన డబ్బును "వద్దండీ" అంటూ వెనక్కి నెడితే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇరవైని 2019 మార్చిలో ప్రకటించారు. అంకెతో పాటు ధాన్యం బొమ్మ ఉంటుంది. అసలు గొప్పతనం ఆకారానిది: పన్నెండు పలకలు. చూపు లేనివారు జేబులోనే తడిమి పోల్చుకోవచ్చు. గుండ్రటి పదికి ఆ సౌకర్యం లేదు. అందుకే నా ఓటు ఇరవైకే.

ఏదైనా సరే, సంవత్సరం కింద చిన్న నక్షత్రం కనిపిస్తే అది మన హైదరాబాదు టంకశాలలో పుట్టింది.