చర్చి క్యాష్‌లు: నడిచి చుట్టి రావాలా, కారులో వెళ్లాలా?

ఇంగ్లండ్ పల్లెల్లో జియోక్యాషింగ్ (ఎవరో దాచిపెట్టిన 'క్యాష్' అనే డబ్బాను జీపీఎస్ సాయంతో వెతికే ఆట) మొదలుపెట్టే మనవాళ్లకు త్వరగానే తగిలేది 'చర్చ్ మైక్రో' సిరీస్. ఊరి పారిష్ చర్చి దగ్గర్లో, తరచుగా పాత ఫిల్మ్ డబ్బా అంత చిన్న డబ్బా, లోపల పేరు రాయడానికి కాగితం చుట్ట.

కారులో వెళ్తే ఒక మధ్యాహ్నంలో చాలా చర్చిలు చూడొచ్చు. చిన్నపిల్లలుంటే ఇదే నయం. కానీ సన్నటి పల్లె రోడ్లలో పార్కింగ్ టెన్షన్ తప్పదు. పైగా వీటిలో చాలా 'మల్టీలు', అంటే ఒకటికి మించి దశలున్న క్యాష్‌లు: సమాధి రాయి మీది సంవత్సరమో, నోటీసు బోర్డు మీది అంకెలో తీసుకుని లెక్క కడితే గానీ అసలు చోటు తేలదు. హడావిడిలో ఆ సరదా సగం పోతుంది.

నడక దారి వేరు. మూడు నాలుగు ఊళ్లను కలుపుతూ, పొలాల మధ్య కాలిబాటల మీదుగా తిరిగి మొదలైన చోటికే వస్తాం. దారిలో కంచె మెట్ల దగ్గర మామూలు క్యాష్‌లూ దొరుకుతాయి. బ్రిటన్ జాతీయ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల 1:25,000 స్కేలున్న ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ తీసుకోండి. అందులో చతురస్రం మీద శిలువ ఉంటే టవర్ ఉన్న చర్చి, వృత్తం మీద ఉంటే శిఖరమో గుమ్మటమో ఉన్నది. ఎదురుగా కనిపించేదాన్ని దాంతో పోల్చుకుంటే ఫోన్ తీయకుండానే దిక్కు తెలుస్తుంది. నా ఓటు దీనికే.

చలికాలంలో మాత్రం ఆ పొలాలు బురద గుంటలే, అప్పుడు కారే మేలు. ఎలా వెళ్లినా ఆదివారం ఉదయం ప్రార్థన వేళ వద్దు. మీ పెన్ను మీరే తీసుకెళ్లండి, ఆ చిన్న మైక్రో డబ్బాలో పెన్ను పట్టదు.